ఊరు మారినప్పుడు ఓటును ఎలా మార్చుకోవాలి

యానాంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, గౌతమి మీది వంతెన దాటి ఎదుర్లంకలో కాపురం పెట్టిన కుటుంబం కదిలిన దూరం ఒక నదీపాయ వెడల్పు. భాష మారలేదు, సంత మారలేదు, బహుశా పిల్లల బడి కూడా మారి ఉండదు. అయినా ఓటు విషయంలో ఆ కుటుంబం ఒక పరిధిని పూర్తిగా వదిలి మరో పరిధిలోకి వచ్చినట్టే. నిన్నటి దాకా 30 మంది ఎన్నికైన సభ్యులుండే పుదుచ్చేరి శాసనసభకూ, ఆ కేంద్రపాలిత ప్రాంతానికున్న ఏకైక లోక్‌సభ స్థానానికీ ఓటు వేసినవారు, ఇక మీదట 175 స్థానాల ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ, ఆ రాష్ట్రానికున్న 25 లోక్‌సభ స్థానాల్లో ఒకదానికీ ఓటు వేయవలసినవారు. ఈ మార్పు దానంతటదే జరగదు. ఆధార్‌లో చిరునామా మార్చుకున్నా, కరెంటు మీటరు మీ పేరుకు వచ్చినా, ఓటరు జాబితాలో మీ పేరు పాతచోటనే ఉంటుంది, లేదా ఎవరో ఒకరు ‘వీళ్లు ఇక్కడ ఉండటం లేదు’ అని చెప్పిన రోజున అక్కడి నుంచి కూడా తొలగిపోతుంది. రెండు ఊళ్లలోనూ ఓటు లేకుండా మిగిలిపోయేది ఇలాగే.

రాష్ట్రం మారినా, జిల్లా మారినా, అదే నగరంలో ఒక కాలనీ నుంచి మరో కాలనీకి మారినా పద్ధతి ఒక్కటే. దానిని మొదటి నుంచి చివరి దాకా క్రమంగా వివరిస్తాను. తొందరలో ఉన్నవారు కూడా మొదటి అడుగును దాటవేయవద్దని మనవి. తరువాత వచ్చే చిక్కుల్లో సగం అక్కడ పొరబడినందువల్ల వచ్చేవే.

మొదటి అడుగు: మీరు నిజంగా మారారా, వెళ్లి వస్తున్నారా?

భారత పౌరులు ఎవరైనా ఓటరుగా నమోదు కావాలంటే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ రెండు షరతులు పెడుతుంది. అర్హత తేదీ (వయసును లెక్కించే తేదీ) నాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలి. వయసు సంగతి తేలికే. నివాసం దగ్గరే వాదన మొదలవుతుంది. సాధారణ నివాసి అంటే ఎవరో 20వ సెక్షన్ చెబుతుంది గానీ, ఎక్కువగా ఎవరు కారో చెప్పడం ద్వారానే చెబుతుంది. ఒకచోట సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ మనిషి అక్కడి సాధారణ నివాసి అయిపోడు. అలాగే, కొంతకాలం ఊళ్లో లేనంత మాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి కాకుండా పోడు.

ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి మీ పరిస్థితికి అన్వయించుకోండి. హైదరాబాదులో పదిహేనేళ్లుగా ఉద్యోగం చేస్తూ, పిల్లలను అక్కడే చదివిస్తూ, సంక్రాంతికి మాత్రం భీమవరం దగ్గరి పెంకుటింటి తాళం తీసి మూడు రోజులుండి వచ్చే దంపతులకు, ఆ ఇంటి పన్ను వాళ్లే కడుతున్నా సరే, చట్టం దృష్టిలో నివాసం హైదరాబాదే. దీనికి భిన్నమైనది పాలమూరు నుంచి ముంబయికో పుణెకో భవన నిర్మాణ పనులకు వెళ్లి, వానలు పడగానే పొలం పనికి తిరిగి వచ్చే కూలీ కుటుంబం పరిస్థితి. ముసలివాళ్లు, పశువులు, పొయ్యి అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. తిరిగి రావాలన్న ఉద్దేశమూ, వచ్చే వీలూ ఉన్నాయి. వాళ్లది తాత్కాలిక గైర్హాజరు. వాళ్లు ఓటు మార్చుకోవలసిన పని లేదు, ఎవరైనా మార్చుకొమ్మని ఒత్తిడి చేస్తే వినవలసిన అవసరమూ లేదు.

‘ఆరు నెలలు ఉంటేనే కొత్తచోట ఓటు ఇస్తారు’ అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. 20వ సెక్షన్‌లో అలాంటి నెలల లెక్క లేదు. మీరు గత నెలలోనే మారినా, కొత్తచోట స్థిరంగా ఉండబోతున్నారన్నది నిజమైతే దరఖాస్తు చేసుకోవచ్చు. రోజూ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, వంట ఎక్కడ సాగుతోంది, సెలవు ముగిశాక ‘ఇంటికి వెళ్లాలి’ అన్నప్పుడు మీ మనసులో మెదిలే ఇల్లు ఏది అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలామందికి సమాధానం తేలిపోతుంది.

విద్యార్థులకు ఇందులో కొంత వెసులుబాటు ఉంది. హాస్టల్లో ఉండి చదువుకునేవారు తల్లిదండ్రుల ఇంటి దగ్గర ఓటు ఉంచుకోవచ్చు, లేదా హాస్టల్ చిరునామాతో నమోదు కావచ్చు. అయితే ఆ చదువు గుర్తింపు పొందినదై, కనీసం ఏడాది కాలవ్యవధి గలదై ఉండాలి. కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రెండు చోట్లా కాదు, ఒక్కచోటే. సైన్యంలోనూ సాయుధ బలగాల్లోనూ పనిచేసేవారికి సర్వీసు ఓటరు అనే వేరే ఏర్పాటు ఉన్నందున వారికి ఈ వ్యాసంలోని పద్ధతి వర్తించదు.

ఓటు మార్చుకోవడానికి వెనుకాడేవారిలో రెండు భయాలు తరచుగా కనిపిస్తాయి కాబట్టి ఇక్కడే ఒక మాట. ఓటు మారితే ఊళ్లో రేషన్ కార్డు పోతుందేమోనన్నది మొదటి భయం. పిల్లలకు ‘లోకల్’ హోదా పోతుందేమోనన్నది రెండోది. రేషన్ కార్డుకు ఓటరు జాబితా ఆధారం కాదు. విద్యా ఉద్యోగాల్లో స్థానికతను రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రధానంగా చదివిన ఏళ్లను బట్టి నిర్ణయిస్తారు గానీ, తల్లిదండ్రుల ఓటు ఎక్కడుందో చూసి కాదు. అయితే ఒకటి మాత్రం నిజంగానే కోల్పోతారు. పంచాయతీ ఎన్నికల జాబితాలను శాసనసభ ఓటరు జాబితా నుంచే తయారుచేస్తారు కాబట్టి, ఓటు నగరానికి మారిన తరువాత ఊరి సర్పంచి ఎన్నికలో మీకు ఓటు ఉండదు. సొంత ఊళ్లో సర్పంచిగా నిలబడాలన్న ఆలోచన ఉన్నవారు ఈ సంగతి ముందే ఎరిగి ఉండాలి.

రెండో అడుగు: పాత జాబితాలో మీ పేరును వెతికి పట్టుకోండి

దరఖాస్తుకు కూర్చోవడానికి ముందు మీ పేరు ప్రస్తుతం జాబితాలో ఉందో లేదో చూడండి. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో గానీ, మొబైల్ యాప్‌లో గానీ మీ ఓటరు కార్డు నంబరు కొట్టి వెతకవచ్చు. మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలతో ఉండే ఆ నంబరు మీకు జీవితాంతం ఒక్కటే. చిరునామా మారినా అదే నంబరుతో కొత్త కార్డు వస్తుంది. ఇంటర్నెట్ తెలియనివారు 1950 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. పేరు కనిపిస్తే నియోజకవర్గం పేరు, భాగం సంఖ్య, వరుస సంఖ్య ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

చేతిలో కార్డు ఉంది కాబట్టి జాబితాలో పేరు ఉన్నట్టే అనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. ఓటు హక్కును ఇచ్చేది జాబితాలోని పేరు. ఆ చోట మీరు నివసించడం లేదని తేలితే 22వ సెక్షన్ కింద ఓటరు నమోదు అధికారి మీ పేరును తొలగించవచ్చు. అందుకు ముందు మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి గానీ, ఆ నోటీసు వెళ్లేది మీరు ఖాళీ చేసిన ఇంటికే. బిహార్‌లో 2025లో జరిగిన ఓటరు జాబితా ప్రత్యేక సవరణ తరువాత వెలువడిన ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పాత పేర్లు కనిపించలేదు. మరణించినవారు, రెండేసి చోట్ల పేర్లున్నవారితో పాటు శాశ్వతంగా మరోచోటికి వెళ్లిపోయినవారన్నది అందుకు చూపిన కారణాల్లో ముఖ్యమైనది.

మూడో అడుగు: సరైన ఫారం ఎంచుకోండి

పాత జాబితాలో పేరు ఉంటే మీరు ఇవ్వవలసింది ఫారం 8. ఇప్పటికే తొలగించి ఉంటే, లేదా ఇంతవరకు ఎక్కడా నమోదు కాకపోయి ఉంటే ఫారం 6.

ఇంత సూటిగా ఉన్న విషయంలో ఇంతమంది ఎందుకు తడబడుతున్నారంటే, ఒకప్పుడు నిబంధన వేరుగా ఉండేది. నియోజకవర్గం దాటి మారినవారు ఫారం 6 ఇవ్వాలని, అదే నియోజకవర్గంలో ఇల్లు మారినవారు ఫారం 8ఏ ఇవ్వాలని చాలా ఏళ్లు నడిచింది. 2022 ఆగస్టు 1 నుంచి ఫారం 8ఏ రద్దయింది. ఫారం 6ను కొత్త ఓటర్లకే పరిమితం చేశారు. ఇల్లు మారడం, వివరాల సవరణ, కార్డు పోతే మరొకటి తీసుకోవడం, వైకల్యం నమోదు అన్నీ ఫారం 8లోకి వచ్చాయి. పాత అలవాటున్నవారు, కొన్నిచోట్ల ఇంటర్నెట్ సెంటర్లవారు, ఇప్పటికీ ఫారం 6 నింపేస్తూనే ఉన్నారు. ఫారం 6లో సంతకం చేసేటప్పుడు ‘నా పేరు మరే నియోజకవర్గం జాబితాలోనూ లేదు’ అని మీరు ప్రకటిస్తున్నారు. పాత ఊళ్లో పేరు ఉండగా ఆ ప్రకటన అబద్ధమవుతుంది. తెలిసి చేసిన తప్పుడు ప్రకటనకు 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పెళ్లయి అత్తవారింటికి వచ్చిన అమ్మాయిల విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. ‘కొత్త కోడలికి కొత్త ఓటు’ అంటూ మామగారు ఉత్సాహంగా ఫారం 6 పెట్టించేస్తారు. పుట్టింటి జాబితాలో ఉన్న పేరు ఎవరికీ గుర్తుండదు.

ఫారం 8లో ఒక దరఖాస్తుకు ఒక్క ప్రయోజనమే ఎంచుకోవాలి. పెళ్లి తరువాత ఇంటిపేరు కూడా మారినవారు ముందు చిరునామా మార్పు కోసం ఒక దరఖాస్తు ఇచ్చి, అది ఆమోదం పొందాక పేరు సవరణ కోసం మరొకటి ఇవ్వడం మంచిది.

నాలుగో అడుగు: చిరునామా రుజువు సిద్ధం చేసుకోండి

ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, నీటి, కరెంటు, గ్యాస్ బిల్లు, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం, సొంత ఇంటి సేల్ డీడ్, రెవెన్యూ భూమి రికార్డు వీటిలో కొత్త చిరునామా ఉన్నది ఏదో ఒకటి చాలు. అద్దె ఒప్పందం విషయంలో ‘రిజిస్టర్ చేసిన’ అన్న మాటను గమనించండి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలతో ఇంటివారు ఇచ్చే కాగితం ఆ లెక్కలోకి రాదు. అందుకే అద్దెకున్నవారు ముందుగా ఆధార్‌లో చిరునామా మార్పించుకుని, ఆ తరువాత ఓటు సంగతి చూసుకోవడం దగ్గరి దారి.

పత్రం మీ పేరుననే ఉండాలన్న నియమం లేదు. తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, వయసు వచ్చిన కొడుకు లేదా కూతురు, వీరిలో ఎవరైనా అదే చిరునామాలో ఇప్పటికే ఓటరుగా ఉంటే వారి పేరున ఉన్న పత్రం సరిపోతుంది. ఊళ్లో ఇల్లు మూసేసి కొడుకు ఫ్లాట్‌కు వచ్చిన పెద్దవాళ్లకు ఈ వెసులుబాటు చాలా ఉపయోగం. ముందు కొడుకు తన ఓటు మార్చుకోవాలి. ఆ తరువాత అతని పత్రంతోనే అమ్మానాన్నల దరఖాస్తులు పెట్టవచ్చు. 85 ఏళ్లు దాటినవారు ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా ఫారం 12డి ఇచ్చి ఇంటి దగ్గరే ఓటు వేసే సదుపాయం ఉంది గదా అని ఊరుకోవద్దు. అలా ఓటు వేయించే సిబ్బంది బృందం ఓటు ఉన్న నియోజకవర్గంలోని ఇంటికి వస్తుంది గానీ, అమలాపురం ఓటరు కోసం కూకట్‌పల్లికి రాదు.

ఏ పత్రమూ లేనివారికి కూడా దారి ఉంది. బూత్ స్థాయి అధికారి స్వయంగా వచ్చి విచారించి నివేదిక ఇస్తారు. ఇల్లే లేక ఫుట్‌పాత్ మీదనో వంతెన కిందనో ఉండేవారి విషయంలో ఆ అధికారి రాత్రిపూట వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు. చిరునామా రుజువు అడగకూడదు.

ఐదో అడుగు: ఫారం నింపి పంపండి

మొబైల్ నంబరుతో పోర్టల్‌లోనో యాప్‌లోనో ప్రవేశించి, ఫారం 8లో నివాసం మార్పు అన్న అంశం ఎంచుకుని, మీ ఓటరు కార్డు నంబరు ఇవ్వండి. పాత వివరాలు వాటంతటవే కనిపిస్తాయి. అదే నియోజకవర్గం లోపలి మార్పా, బయటి మార్పా అని అడుగుతుంది; తరువాత కొత్త రాష్ట్రం, జిల్లా, నియోజకవర్గం, చిరునామా ఇవ్వాలి. ఆధార్‌కు జతచేసిన ఫోను దగ్గర ఉంచుకోండి. చివరలో వచ్చే రిఫరెన్సు నంబరును స్క్రీన్‌షాట్ తీసుకోండి. కాగితం మీద ఇవ్వదలచినవారు బూత్ స్థాయి అధికారికి గానీ, ఓటరు నమోదు అధికారి కార్యాలయంలో గానీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ప్రతి సంవత్సరం సవరణ సమయంలో పోలింగ్ కేంద్రాల దగ్గరే ప్రత్యేక శిబిరాలు పెడతారు. వాటిలో ఇస్తే సందేహాలు అక్కడికక్కడే తీరతాయి.

కొత్త నియోజకవర్గం పేరును ఊహించి రాయవద్దు. నగరాల్లో వీధికి ఒక పక్క ఒక నియోజకవర్గం, రెండో పక్క మరొకటి ఉండటం మామూలే. పక్కింట్లో పాతకాపుల ఓటరు కార్డు చూసి నియోజకవర్గమూ, పోలింగ్ కేంద్రమూ సరిచూసుకోండి. కుటుంబంలో నలుగురుంటే నాలుగు దరఖాస్తుల్లోనూ ఇంటి నంబరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఇవ్వండి. లేకపోతే భర్త ఒక పోలింగ్ కేంద్రంలో, భార్య మరో కేంద్రంలో తేలతారు.

ఇంటి నంబరు గురించి నా అనుభవం చెప్పాలి. కోనసీమ నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తలో నేను పెట్టిన మొదటి దరఖాస్తు తిరస్కరణకు గురైంది. మా ఇంటికి మూడు నంబర్లున్నాయి: బిల్డరు లేఅవుట్‌లో ఇచ్చిన ప్లాట్ నంబరు, గేటు మీద ఎప్పుడో పెయింటుతో రాసిన పాత డోర్ నంబరు, ఆస్తి పన్ను రసీదులో ఉన్న అసలు నంబరు. నేను మొదటిది రాశాను. విచారణకు వచ్చిన ఆవిడ రెండో నంబరును బట్టి వెతికి, దొరకక, వీధి చివర ఉన్న వాచ్‌మన్‌ను అడిగింది. పగలంతా ఆఫీసులో ఉండే మా పేర్లు అతనికి తెలియవు. ‘అలాంటివాళ్లు ఇక్కడ లేరమ్మా’ అన్నాడు. ఆ ఒక్క మాటతో దరఖాస్తు పోయింది. రెండోసారి పన్ను రసీదులోని నంబరు రాసి, దాని వెనుకే ‘ఫలానా గుడి ఎదురుగా’ అని గుర్తు చేర్చి, ఇంటి తలుపు మీద అదే నంబరు అంటించాను. పది నిమిషాల్లో పని అయిపోయింది.

ఆరో అడుగు: విచారణ, నోటీసు, అవసరమైతే అప్పీలు

దరఖాస్తు చేరిన తరువాత బూత్ స్థాయి అధికారి ఇంటికి వస్తారు లేదా ఫోన్ చేస్తారు. ఈ పని చేసేవారు ఎక్కువగా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు, పురపాలక, సచివాలయ సిబ్బంది. సొంత ఉద్యోగానికి తోడు దీనిని మోస్తున్నవారు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే తీయండి. మీరు ఇంట్లో ఉండే వేళ చెప్పండి. ఇంటివారికి, వాచ్‌మన్‌కు, ఎదురింటివారికి ముందే చెప్పి పెట్టండి. మరోవైపు, వచ్చిన దరఖాస్తుల జాబితాను కార్యాలయంలో ప్రదర్శించి అభ్యంతరాలకు ఏడు రోజులు గడువిస్తారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, విచారణ సరిపోతే, అధికారి ఆమోదిస్తారు.

తిరస్కరిస్తే దిగులు పడనక్కర్లేదు. చిన్న లోపమైతే దిద్దుకుని మళ్లీ దరఖాస్తు పెట్టడమే త్వరగా అయ్యే పని. నిర్ణయమే తప్పని మీరు భావిస్తే 15 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారి హోదాలో ఉన్న కలెక్టరుకు అప్పీలు చేయవచ్చు. అక్కడా న్యాయం దొరకకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి రెండో అప్పీలు.

ఏడో అడుగు: గడువును వెనుక నుంచి లెక్కపెట్టండి

జాబితాలో మార్పులు ఏడాది పొడవునా జరుగుతాయి. కొత్తగా 18 ఏళ్లు నిండేవారికి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు అర్హత తేదీలున్నాయి. ఇల్లు మారినవారికి వాటితో పని లేదు, ఎప్పుడైనా దరఖాస్తు చేయవచ్చు. అయితే 23వ సెక్షన్ ప్రకారం ఒక ఎన్నికకు నామినేషన్లు వేయడానికి చివరి రోజు దాటాక, ఆ ఎన్నిక ముగిసేదాకా కొత్త పేర్లు చేర్చకూడదు. ఏడు రోజుల నోటీసు, విచారణ కలుపుకుంటే, నామినేషన్ల చివరి తేదీకి కనీసం పది రోజుల ముందే దరఖాస్తు చేరి ఉండాలి. షెడ్యూలు వచ్చాక మొదలుపెట్టినవారు బొటాబొటిగా బయటపడవచ్చు, పడకపోవచ్చు. గడువు దాటిపోతే ఆ ఒక్క ఎన్నికకు మీ ఓటు పాతచోటనే అన్నమాట. అక్కడ పేరు ఉంటే వెళ్లి వేయండి.

రెండు చోట్ల పేరు ఉంటే

ఫారం 8 ఆమోదం పొందితే పాతచోటి అధికారికి సమాచారం వ్యవస్థలోనే చేరుతుంది, అక్కడి పేరు తొలగుతుంది. మీరు వేరుగా దరఖాస్తు ఇవ్వనక్కర్లేదు. అయినా కొన్ని వారాల తరువాత రెండు చోట్లా వెతికి చూడండి. పూర్వం ఫారం 6 ద్వారా మారి, రెండు కార్డులు చేత పట్టుకుని ఉన్నవారు ఇప్పుడు నివసించని చోటి పేరును తొలగించమని స్వయంగా ఫారం 7 ఇవ్వాలి. ఒకరి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల్లో ఉండకూడదని 17వ సెక్షన్, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదని 18వ సెక్షన్ చెబుతున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇది కేవలం కాగితం మీది విషయం కాదు. 2014లో తెలంగాణలో ఏప్రిల్ 30న, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో మే 7న పోలింగ్ జరిగింది. మధ్యలో వారం రోజులు. 2024లో రెండు రాష్ట్రాల లోక్‌సభ ఎన్నికలూ, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలూ మే 13న ఒకేరోజు వచ్చాయి. ఆ వారాంతంలో విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర సంక్రాంతిని తలపించేలా కార్లు బారులు తీరడం అందరూ చూసిందే. వెళ్లినవారిలో ఊళ్లో ఒక్కచోటే ఓటున్నవారి గురించి అనవలసింది ఏమీ లేదు. కానీ తెలంగాణ శాసనసభకు 2023 నవంబరు 30న హైదరాబాదులో ఓటు వేసి, ఇల్లు కదలకుండానే ఆరు నెలలకు ఆంధ్రలో ఓటు సిద్ధం చేసుకోవడాన్ని ఊరి మీద మమకారం అని సమర్థించలేం. నివాసం మారనిదే మారిందని రాయడం తప్పుడు ప్రకటన. ఇక ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఆ రెండు ఓట్లూ చెల్లవు.

నేలను వదిలి రాక తప్పనివారు

ఇంతవరకు చెప్పింది తమ ఇష్టంతోనో ఉద్యోగంతోనో కదిలినవారి గురించి. పోలవరం నిర్వాసితుల సంగతి వేరు. గోదావరి ఒడ్డున ముంపు గ్రామాలు వదిలి పునరావాస కాలనీలకు వచ్చినవారి ఊరే జాబితాలో మాయమవుతుంది. ఇలాంటి కాలనీల్లో ఇంటింటికీ వెళ్లి ఒకేసారి అందరి చేతా ఫారం 8 పెట్టించడం మంచి పద్ధతి. పట్టా కాగితంలోని ఇంటి నంబరునే అందరూ రాయాలి. ఇంతకంటే విచిత్రమైనది, మనుషులు కదలకుండా నేలే రాష్ట్రం మారడం. పోలవరం ముంపు మండలాలు 2014 ఎన్నికల్లో ఖమ్మం జిల్లాలో ఓటు వేసి, ఆ వెంటనే చట్ట సవరణతో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలు జరిగేనాటికి అక్కడివారు పోలవరం, రంపచోడవరం నియోజకవర్గాల ఓటర్లు. అలాంటప్పుడు జాబితా మార్చే బాధ్యత ఎన్నికల సంఘానిదే.

తమ నేలను వదిలి వచ్చినా అక్కడి ఓటును నిలుపుకునే హక్కు కొందరికి ప్రత్యేకంగా ఇచ్చారు. కశ్మీరు లోయ నుంచి వచ్చిన పండిట్లు జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీల్లోని ప్రత్యేక పోలింగ్ కేంద్రాల్లో తమ సొంత నియోజకవర్గాలకు ఓటు వేస్తారు. 2024లో జమ్మూ, ఉధంపూర్‌లలో ఉండేవారికి, అలా ఓటు వేయడానికి అంతకుముందు ఇవ్వవలసి వచ్చిన ‘ఫారం ఎం’ నింపే పని కూడా తప్పించారు. అదే ఏడాది మణిపూర్‌లో నిర్వాసితులకు సహాయ శిబిరాల్లోనే పోలింగ్ కేంద్రాలు పెట్టారు. మామూలు వలస ఓటర్లకు ఇలాంటి ఏర్పాటు లేదు. ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు నమోదు చేసే రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీల ముందుంచినా అది ఎన్నికల్లో వాడుకలోకి రాలేదు. కాబట్టి ప్రస్తుతానికి ఓటరు వెళ్లి తీరాలి, లేదా ఓటును తన దగ్గరికి తెచ్చుకోవాలి.

విదేశాలకు వెళ్లినవారు

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉద్యోగం చేస్తూ భారత పౌరసత్వాన్ని వదులుకోనివారికి 20ఏ సెక్షన్ కింద 2011 నుంచి ఓటు హక్కు ఉంది. వారు ఇవ్వవలసింది ఫారం 6ఏ. పాస్‌పోర్టులో ఫొటో, భారతదేశ చిరునామా, వీసా ఉన్న పేజీల నకళ్లు జతచేయాలి. పాస్‌పోర్టులోని చిరునామా ఏ నియోజకవర్గంలో ఉందో అక్కడే పేరు చేరుతుంది. గ్రీన్ కార్డు వచ్చినంత మాత్రాన ఈ హక్కు పోదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకుంటే పోతుంది. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారు ఓటర్లు కాలేరు. విదేశీ ఓటరుకు ఓటరు కార్డు ఇవ్వరు, పోస్టల్ బ్యాలెట్ లేదు, మరొకరి చేత వేయించే వీలూ లేదు. ప్రతినిధి ద్వారా ఓటు వేయడానికి ఉద్దేశించిన బిల్లు 2018లో లోక్‌సభలో ఆమోదం పొంది, ఆ తరువాత మురిగిపోయింది. పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా కేంద్రానికి రావలసిందే. శాశ్వతంగా తిరిగి వచ్చినవారు, ఉంటున్న చోట ఫారం 6 ద్వారా మామూలు ఓటరుగా నమోదు కావాలి.

పోలింగ్‌కు ముందు

కొత్త కార్డు పోస్టులో రాలేదని ఓటు మానుకోవద్దు. జాబితాలో పేరు ఉంటే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు వంటి గుర్తింపుల్లో ఏదో ఒకటి చూపి ఓటు వేయవచ్చు. ఓటరు స్లిప్పు దారి చూపే కాగితమే, గుర్తింపు కాదు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు భాగం సంఖ్య, వరుస సంఖ్య మళ్లీ ఒకసారి చూసుకోండి. మీ పేరు కొత్తచోట ఉన్నా, కేంద్రం మీరు అనుకున్న బడిలో కాక రెండు వీధుల అవతలి కమ్యూనిటీ హాల్లో ఉండవచ్చు. సాయంత్రం చల్లబడ్డాక వెళదామనుకునేవారికి ఆ తేడా ఆరు గంటలకు గేటు మూసే వేళ తెలియకూడదు.